మీరెటంటే అటు

దారి రెండుగా చీలిన చోట గైడు ఆగిపోయాడు. వెనక్కి తిరిగి టీచరమ్మ మొహంలోకి చూశాడు.

"ఎటు వెళ్దాం మేడమ్?"

ఆమెకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. కొండ కొత్త, దారి కొత్త, డేరాల్లో పడుకోవడానికి రావడమే ఆమెకిది మొదటిసారి. ఎటు వెళ్ళాలో తనే చెప్పేదైతే మధ్యలో ఈయనెందుకు?

"మీరు చెప్పాలి గానీ నన్నడుగుతారేమిటండీ?"

"భలేవారే. మీరుండగా నేను చెప్తే ఏం బాగుంటుంది? మీరెటంటే అటే," అని ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పొద్దున తాళ్ళతో రాతిగోడ ఎక్కించిన శిక్షకుడు ఇలా కాదు. ఎడమ కాలు ఇక్కడ, కుడి చెయ్యి అక్కడ అని గొంతు పోయేలా అరిచి మరీ ఎక్కించాడు. అది అయ్యాక, పై మలుపు దగ్గర నడక గైడు ఉంటాడు, డేరాల దాకా ఆయన తీసుకెళ్తాడు అని చెప్పి, తాళ్ళు చుట్టుకుంటూ ఉండిపోయాడు. మలుపు దగ్గర బండ మీద ఈయన కూర్చునే ఉన్నాడు. పెద్ద బూట్లు, వీపున సంచి, మెడలో విజిల్. వీళ్ళను చూడగానే లేచి, ముందున్న టీచరమ్మకు నమస్కారం పెట్టి, "మీ కోసమే చూస్తున్నాను, పదండి" అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఆయన చెప్పిన ముక్క ఒక్కటి లేదు.

టీచరమ్మది చిన్నపిల్లల బడి. అలవాటు కొద్దీ జట్టులోని పెద్దవాళ్ళందరినీ ఒకరి వెనక ఒకరిని నిలబెట్టింది. లేసులు బిగించుకోమంది, నీళ్ళు తాగమంది. గైడు కూడా బుద్ధిగా వరుసలో నిలబడి లేసులు బిగించుకుని, నీళ్ళు తాగాడు. జారుడు బండ దగ్గర ఆమె కాలు పెట్టేదాకా తను పెట్టలేదు. పొదల్లో ఎర్రటి పళ్ళు కనిపిస్తే, తినొచ్చా అని ఆమెనే అడిగాడు. తెలియనివి తినకూడదంటే, కోసిన పండు గబుక్కున పారేశాడు.

ఇప్పుడీ చీలిక దగ్గర వెనక నుంచి భర్త గొణిగాడు. "ఏమోయ్, వీడు గైడా, మీ బడికొచ్చే ఇన్‌స్పెక్టరా?"

ఆ మాటతో ఆమెకు కాస్త తెరిపిన పడినట్టయింది. తెలిసిన ప్రశ్నే అడిగి, జవాబు కోసం మొహంలోకి చూసేవాళ్ళు ఆమెకు కొత్త కాదు. ఇదేదో మనచేతే చెప్పించి నేర్పించే పద్ధతి కాబోలు అనుకుంది. కానీ నేర్చుకునే తీరిక ఎక్కడుంది? గోడ ఎక్కేటప్పుడే భర్త మోకాలు పట్టేసింది. రానంటే రానన్న మనిషిని పోరి పోరి లాక్కొచ్చింది తను. తప్పు దారి పడితే ఆ కాలితో ఆయన మళ్ళీ ఈ కొండ ఎక్కలేడు. పైగా మంచు దిగుతోంది. వెనకున్నవాళ్ళు ముందున్నవాళ్ళకు మసకగా కనిపిస్తున్నారు.

భర్త దారి పక్కనే కూలబడ్డాడు. ఇక తనవల్ల కాదన్నాడు. కావాలంటే మీరు వెళ్ళండి, తెల్లారాక వచ్చి తీసుకెళ్ళండి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ పెదవులు పాలిపోయి ఉన్నాయి.

టీచరమ్మకు ఒళ్ళు మండింది. గైడు దగ్గరికి వెళ్ళి మొహం మీదే అడిగింది.

"చూడండి, ఇది పరీక్షలు పెట్టే వేళ కాదు. ఇక్కడే చీకటి పడిపోతే ఏం చేస్తారు?"

ఆయన ఒకడుగు ఆమె పక్కకు జరిగాడు. "అలా భయపెట్టకండి మేడమ్. మీరున్నారన్న ధైర్యంతోనే కదా నడుస్తున్నాను."

వేళాకోళమా, వినయమా? ఎంత చూసినా ఆ మొహంలో ఆమెకేమీ దొరకలేదు. ఇక ఈయన్ని అడిగి లాభం లేదు. అందరినీ మాట్లాడకుండా నిలబడమంది. రేపు పొద్దున పడవలు డేరాల దగ్గరే ఎక్కాలన్నారు. అంటే డేరాలు నీళ్ళ ఒడ్డునే ఉండాలి. చెవులు రిక్కించి వింది. పై దారి వైపు గాలి తప్ప ఏమీ లేదు. కింది దారి వైపు, ఎక్కడో లోతున, సన్నగా నీళ్ళ హోరు.

"కిందికే," అంది. అంటున్నప్పుడు ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

భర్త చెయ్యి తన భుజం మీద వేసుకుంది. ఆయన రెండో చెయ్యి గైడు పట్టుకున్నాడు. ఆ పని మాత్రం చెప్పకుండానే చేశాడు. వంపు వంపుకీ హోరు పెరిగింది. ఒక చోట దారి పొదల్లో కలిసిపోయింది. గైడు వైపు చూస్తే ఆయన ఆమె వైపే చూస్తున్నాడు. పొదలు తప్పించుకుని అవతలికి వస్తే, మంచులో పచ్చగా లాంతర్లు. వాటి వెనక డేరాలు.

భర్తను కుర్చీలో కూర్చోబెట్టింది. ఇంతలో శిబిరం నిర్వాహకుడు పరుగున వచ్చి అందరికీ క్షమాపణ చెప్పుకున్నాడు.

"మలుపు దగ్గరికి రావాల్సిన గైడు దారిలోనే కాలు బెణికి వెనక్కి వచ్చేశాడండీ. మీకు చెబుదామంటే ఫోన్లు కలవలేదు. ఇప్పుడే మనుషుల్ని పంపబోతున్నాను. ఇంతకీ మిమ్మల్ని ఇక్కడిదాకా ఎవరు తీసుకొచ్చారు?"

అందరూ గైడు వైపు చూశారు. టీచరమ్మ ఏకంగా వేలెత్తి చూపించింది.

ఆయన తెల్లబోయాడు.

"నేనా? మీ శిబిరానికే వస్తూ పొద్దున బస్సు అందక, మీ జట్టు వస్తే కలుద్దామని మలుపు దగ్గర కూర్చున్నవాణ్ణి. గైడు ఈ మేడమే కదా?"