గంపకి ఓ చెయ్యి

ఆ పొద్దున్న గొడవ కాఫీపొడి డబ్బా దగ్గర మొదలైంది.

పై అలమరలో ఉండాల్సిన డబ్బా పొయ్యిగట్టు మీద ఉంది. దాని పక్కన కందిపప్పు, ఆ పక్కన చింతపండు. వంటింట్లో తలకి పైనున్న వస్తువులన్నీ లిడియా కిందకి దించేసింది.

"నా డబ్బాలు ఎవరు దించమన్నారు నిన్ను?" అంది రెబెకా.

"నాన్న చెప్పేరు."

"కూర తరుక్కోడానికి గట్టు మీద జాగా ఏదే?"

"నువ్వు తరగొద్దు. కాలేజీ నుంచొచ్చి నేను తరుగుతాను."

"అవి నాకు అందుతున్నాయే."

"అందినా సరే" అన్నాడు దానియేలు, పేపరు వెనకనుంచి.

రెబెకాకి రొమ్ము ఆపరేషనైంది. తర్వాత కీమో, ఆ తర్వాత రేడియేషను. అన్నీ పూర్తయ్యి అయిదు నెలలు. జబ్బు పోయిందన్నారు. ఎడమచెయ్యి ఎత్తొద్దన్నారని మాత్రం ఇంట్లో అందరికీ బాగా గుర్తు. తండ్రీ కూతుళ్ళు ఆమెని బిందె ముట్టుకోనివ్వరు, దండెం మీద చీర ఆరెయ్యనివ్వరు. రెండంగుళాలు మొలిచిన జుట్టు కూడా లిడియాయే దువ్వుతుంది. ఎవరి మీదా కోపం తెచ్చుకోడానికి లేదు. కానీ సొంత ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టుంది ఆమెకి.

వీధిలో చేపల కేక వినిపించింది. రెబెకా గొడవ అక్కడే వదిలేసి అరుగు మీదకి వెళ్ళింది.

మంగాయమ్మ ఉప్పలగుప్తం వైపునుంచి వస్తుంది. రెండు నెలల కిందటిదాకా ఈ వీధికి ఆవిడెవరో తెలీదు. మొదటిరోజు రెబెకా పొట్టి జుట్టుకేసీ, ఒంటికి అంటించుకున్న ఎడమచేతికేసీ చూసింది. అందరూ అడిగేది ఆవిడ అడగలేదు.

"గంప దించాలండి. ఓ చెయ్యెయ్యండమ్మగారూ" అంది.

లిడియా సాయం రాబోతే ఒప్పుకోలేదు. అమ్మగారి రెండు చేతులూ పడితే మిగిలిన సరుకు చిటికెలో అయిపోద్దంది.

ఆరోజు మెట్ల కింద నేలమీద నిలబడింది. రెబెకా అరుగు మీదనుంచి ఛాతీ ఎత్తులో గంపనందుకుంది. తర్వాత కింద ఎండగా ఉందని ఒక మెట్టెక్కింది. ఇంకొన్నాళ్ళకి మెట్టు తడిగా ఉందని రెండోది. గంపలో ఎప్పుడూ నాలుగైదు చేపలే ఉండేవి. దారిలో అమ్ముకుని వస్తోందనుకుంది రెబెకా.

ఇవాళ మూడో మెట్టు మీద నిలబడింది.

రెబెకా మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులూ తలకి పైకెత్తి గంప పట్టుకుంది. అప్పుడే దానియేలు గుమ్మంలోకి వచ్చాడు.

ఆయన పరుగున వచ్చి గంప లాక్కున్నాడు. గట్టిగా అరిచే మనిషి కాదు. "ఈవిడకి పెద్ద ఆపరేషనైందమ్మా. నీకు తెలీదు. రేపట్నుంచి మా ఇంటికి రావద్దు" అన్నాడు.

"ఆయ్, అలాగేనండి మేష్టారూ."

గంప తేలికేనని రెబెకా ఒక్కమాట అనొచ్చు. ఆయన భయం చూసి, చేపలకి గిన్నె తేవడానికి లోపలికి వెళ్ళింది.

పది రోజుల తర్వాత కాకినాడలో చూపించుకోడానికి వెళ్ళారు. రెండు చేతులూ పైకెత్తమంది డాక్టరు. ఎడమచెయ్యి కూడా చెవి పక్కకి తిన్నగా వెళ్ళింది.

"పోయినసారి సగంలో ఆగిపోయింది. వ్యాయామం ఎవరు చేయించేరు?"

"మీరు వద్దన్నారని మేం చెయ్యి ఎత్తనివ్వలేదండి" అన్నాడు దానియేలు.

"బరువెత్తొద్దన్నాను మాస్టారూ. చెయ్యెత్తొద్దనలేదు. ఎత్తకపోతే భుజం బిగుసుకుపోతుంది."

తిరిగొస్తూ కారు యానాం వారధి ఎక్కింది.

"మంగాయమ్మ మూడు మెట్లెక్కింది" అంది రెబెకా, కిటికీలోంచి గోదావరిని చూస్తూ.

మర్నాటినుంచి ఆమె అరుగు మీదే కాచుకుని కూర్చుంది. నాలుగోరోజు చేపల కేక వినిపించింది. వచ్చింది మంగాయమ్మ కాదు, ఆవిడ తోడికోడలు. రెబెకా అలవాటుగా రెండు చేతులూ చాచి గంప పట్టుకుంది.

గంప కదల్లేదు.

"వద్దండమ్మా, బరువండి. మీ చేతికి అసలు ఇవ్వొద్దని చెప్పింది మా అక్క." ఆమె గంప తనే దించుకుంది. "తన సరుకు వీధి మొదట్లో నా గంపలోకి ఒంపేసి, మీ ఇంటికి నాలుగు చేపలతో వచ్చేదండి. మెల్లిగా చెయ్యి పైకెత్తించాలే అనేది."

అక్క ఎందుకు రావడం లేదని రెబెకా అడిగింది. ఆమె చెప్పింది విని, వాళ్ళిల్లు ఎక్కడో కూడా కనుక్కుంది.

రాత్రి ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. చందువా చేపల పులుసు.

"సోమవారం సెలవు పెట్టండి. కాకినాడ వెళ్తున్నాం" అంది రెబెకా.

దానియేలు చెయ్యి కంచంలో ఆగిపోయింది. "మళ్ళీ ఏమైంది?"

"నాకు కాదు, మంగాయమ్మకి. ఎడమచెయ్యి వాచిపోయి గంప మానేసిందట. ఆ భుజం ఎప్పుడో బిగుసుకుపోయింది, ఇంక రాదంటారేమో. అయినా తీసుకెళ్దాం."

"ఆవిడ చేతికేమైందమ్మా?" అంది లిడియా.

రెబెకా ఆయన కంచంలో పులుసు వేస్తూ, "ఆరేళ్ళ కిందట ఆవిడకీ నా ఆపరేషనే అయింది, చెయ్యి కదపనివ్వకుండా ఇంట్లోవాళ్ళు మనలాగే ఎంతో ప్రేమగా చూసుకున్నారట" అంది.