చెయ్యెత్తిన మాస్టారు

"పిలిస్తే పలకరండీ. ఒళ్ళంతా పొగరు," అంటూ కోడలు మామగారిని కుర్చీలో కూర్చోబెట్టింది.

చెవి డాక్టరమ్మ చప్పున తలెత్తింది. తను మూడో తరగతిలో ఉండగా సరిగ్గా ఈ మాటే అని, ఈ మాస్టారే ఆమె చెంప ఛెళ్ళుమనిపించాడు. అప్పటికే చీము కారుతున్న ఆ వైపు చెవికి ఉన్న కాస్త వినికిడీ ఆ దెబ్బతో పోయింది. ఆయన మాత్రం ఆమెను గుర్తుపట్టలేదు.

'దొరికాడు,' అనుకుంది.

ఆయనకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినబడగానే చెయ్యెత్తమని సైగ చేసింది.

ఆమె మీట నొక్కకముందే మాస్టారు చెయ్యెత్తాడు. ఆమె వేలు కదిలితే చాలు, మళ్ళీ ఎత్తేస్తున్నాడు.

ఆ దొంగతెలివి ఆమెకు కొత్త కాదు. చివరి బెంచీలో కూర్చుని, పక్కవాళ్ళను చూసి చెయ్యెత్తుతూనే బడి నెట్టుకొచ్చింది.

జాలేసింది. కోపం మాత్రం పోలేదు.

హెడ్‌ఫోన్లు తీసేసి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఆయనకిచ్చి, కోడలికి వినబడేలా పైకి చదవమని సైగ చేసింది.

"పిలిస్తే పలకకపోవడం పొగరు కాదు... చెవుడు," అని గొణిగాడు మాస్టారు. కోడలు తల దించుకుంది.

డాక్టరమ్మ ఆయన చెవి దగ్గరకు వంగి అరిచింది.

"గట్టిగా చదవండి మాస్టారూ! మూడో తరగతి చివరి బెంచీ దాకా వినబడాలి."