బరువు లేని కొండ

"సార్, కొండన్న కొండ మోస్తున్నట్టు లేదు. దూది పరుపు మోస్తున్నట్టుంది."

ఫోన్‌లో మనీష్ మాట మెత్తగానే ఉంది. కృపాకర్‌కు మాత్రం చురుక్కుమంది.

కొండన్నను పుట్టించింది కృపాకరే. ఒకప్పుడు ఆ బొమ్మల కథల పుస్తకం ఆలస్యమైతే పిల్లలు ఇంట్లో అన్నం ముట్టేవారు కాదు. మిగతా వీరులు గాల్లో ఎగిరేవారు, కత్తులు దూసేవారు. కొండన్నకు అవేవీ రావు. మోయడం ఒక్కటే వచ్చు. ఊరి మీద కొండ విరిగి పడబోతే వీపు అడ్డం పెట్టి, దాన్ని మోసుకుపోయి దూరంగా దించి వచ్చేవాడు.

పగలంతా ప్రెస్సులో కొలువు, రాత్రంతా కొండన్న. అలా ఉద్యోగం అయిపోయింది, కొండన్న కథలు వేసే పత్రిక మూతపడింది, చూపు మందగించింది. అభిమానులు మాత్రం సంతోష్‌నగర్‌లోని ఈ చిన్న ఇంటిని వెతుక్కుంటూ ఇంకా వస్తూనే ఉన్నారు. ఒకరికి గోడకు బొమ్మ కావాలి, ఒకరికి పుట్టినరోజుకు బొమ్మ కావాలి. చాయ్ తాగి, సెల్ఫీ దిగి పోతారు.

"కొండన్న ఎట్ల పుట్టిండు సార్?" అని అందరూ అడిగేదే.

"కలల కనబడిండు" అని ఆయన అందరికీ చెప్పేదే. చెప్పగా చెప్పగా తనూ నమ్మేశాడు.

ఇన్నాళ్లకు బేగంబజార్ వ్యాపారి కొడుకు మనీష్ ఆ పుస్తకాలన్నీ మళ్లీ అచ్చు వేస్తానన్నాడు. కొత్త అట్టబొమ్మ కావాలన్నాడు. కృపాకర్ ఎన్ని గీసి పంపినా ఇదే వంక.

"ఇయ్యాల సాయంత్రం దాంక చూస్త సార్. కాకపోతే కంప్యూటర్ల గీసేటోళ్లకు ఇస్త. ఏమనుకోవద్దు."

ఏమనుకోకుండా ఎలా ఉంటాడు? కన్నబిడ్డను పరాయివాళ్ల చేతిలో పెట్టమన్నట్టే ఉంది ఆయనకు.

నొప్పి పుడుతున్న మణికట్టు రుద్దుకుని మళ్లీ కాగితం తీశాడు. పాత పుస్తకం ఎదురుగా పెట్టుకుని, చూసి గీశాడు. ఆ పాత బొమ్మ కూడా అంతకుముందు దాన్ని చూసి గీసిందే. నకలుకు నకలు, దానికి మరో నకలు. కాళ్లున్నాయి, కండలున్నాయి, వీపు మీద కొండ ఉంది. బరువే లేదు.

అప్పుడే గుమ్మంలో ఎవరో దగ్గారు.

"కొండన్న బొమ్మ గీసే సారు మీరేనా?"

కృపాకర్ తలెత్తలేదు. "నేనే. ఏం కావాలె?"

"మలక్‌పేట నుంచి వచ్చిన సారూ. మా మనుమరాలు మీ పుస్తకం సూసి..."

"మనుమరాలికి బొమ్మ కావాలె, గంతే గద? ఇయ్యాల కాదు పెద్దాయనా. మస్తు పనుంది."

"బొమ్మ వద్దు సారూ. ఒక్కసారి నా దిక్కు సూడుండ్రి, చాలు."

"చూసిన. ఇగ పోయి రా."

చూడనేలేదు. పెన్సిల్ చెక్కుకుంటున్నాడు.

గుమ్మంలో నీడ కాసేపు అలాగే నిలబడి, మెల్లగా తప్పుకుంది.

బయట భార్య నీలమ్మ గొంతు వినిపించింది. బియ్యం తెచ్చిన ఆటోవాడు బస్తాను గేటు దగ్గరే దించి పోయాడట.

"జరుగమ్మా, నేను లోపల పెడ్త" అంటున్నాడు ముసలాయన.

"వద్దు బాపూ! ఈ వయసుల నడుము పట్టుకుంటది."

"నా నడుముకు గిదొక బరువా అమ్మా!"

ఈ లొల్లి ఏందని విసుక్కుంటూ కృపాకర్ కిటికీలోంచి చూశాడు.

ముసలాయన నిలబెట్టిన బస్తాకు వీపు ఆనించి గొంతుక్కూర్చున్నాడు. రెండు చేతులూ భుజాల మీదుగా వెనక్కి పోనిచ్చి బస్తా చెవులు అందుకున్నాడు. మెడ ఎడమకు వంచాడు. కుడికాలు ముందుకు జరిపి, ఊపిరి బిగబట్టి లేచాడు.

కృపాకర్ చేయి కాగితం మీద దానంతటదే కదిలింది. బరువు ఏ మడమ మీద దిగాలో, మెడ మీద ఏ నరం ఉబ్బాలో చేతికి తెలిసిపోయింది. మణికట్టు నొప్పి గుర్తు రాలేదు, నీలమ్మ అన్నానికి పిలిచింది కూడా వినిపించలేదు.

బొమ్మ పూర్తిచేసి, ఫోటో తీసి పంపాడు. వెంటనే ఫోన్ మోగింది.

"సార్! గిదీ కొండన్న అంటే! చూస్తుంటెనే నా నడుము గుంజుతున్నది. మళ్ల కలలకు వచ్చిండా?"

కృపాకర్ అలవాటు కొద్దీ "అవు, కలల" అనబోయాడు. గోడకు తగిలించిన మొట్టమొదటి అట్టబొమ్మ వంక చూశాడు. ఇప్పుడే గీసిన బొమ్మ వంక చూశాడు. రెండింటిలోనూ మెడ ఒకే తీరున ఎడమకు వంగి ఉంది.

ఫోన్ అక్కడే పడేసి బయటికి పరుగెత్తాడు.

"నీలమ్మా, ఆ పెద్దాయన ఏడి?"

"ఎప్పుడో పోయిండు. మంచినీళ్లు తాగి, చానసేపు మెట్ల మీద కూసున్నడు. నువ్వు బయటికొస్తవేమో అని చూసిండు పాపం."

"ఏమన్న చెప్పిండా?"

"'మొకం సూస్తె సారు గుర్తువడుతడనుకున్న' అన్నడు."

"పేరేంది? పేరు అడిగినవా?"

"నీకోసం వచ్చినోని పేరు నువ్వడగాలె గని, నన్నడుగుతవేంది?"

కృపాకర్ గేటు పట్టుకుని గల్లీ చివరిదాకా చూశాడు. స్కూటర్లు పోతున్నాయి, ఆటోలు పోతున్నాయి. ముసలాయన జాడ లేదు. కొండన్న కలలో కనబడలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

వయసులో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం సిరా కొనడానికి బేగంబజార్ వెళ్లి, చాయ్ తాగుతూ, ఎదురుగా బస్తాలు మోస్తున్న హమాలీని అతను చూస్తుండగానే కాగితం మీద గీసుకున్నాడు. పేరు అడిగే తీరిక లేక, ఇంటికొచ్చి అతనికి తనే పెట్టిన పేరు కొండన్న.