ముందు బ్యాటరీ, తర్వాత ప్యానెల్

మల్లేశ్వర్ గదిలో అడుగుపెట్టగానే వెనక తలుపు మూసుకుంది. గడియ పడింది. ఆ తర్వాత తాళం పడింది.

గేటు దగ్గర అతను "కరెంటు పని మీద వచ్చిన" అన్నాడు. మిగతా మాట వినకుండానే ఇంటామె లచ్చమ్మ అతన్ని లోపలికి నడిపించింది.

"అమ్మా, తాళమెందుకు?"

"పని అయినంక తీస్త." ఆమె వరండా చుట్టి వచ్చి కిటికీ బయట నిలబడింది. తాళంచెవి కొంగుకు కట్టుకుంది. "పొద్దుగాల వస్తనని గిప్పుడా వచ్చేది? పన్నెండు దాటింది."

"నేను చెప్పేది జర ఇను..."

"చెప్పుడు అయినంక. నీ ముందు ఇద్దరు చెప్పిండ్రు. ఒకడు గా కంట్రోలర్ కాల్చిండు. ఇంకొకడు స్క్రూలు తెస్తనని పోయిండు. ఇంకా తెస్తనే ఉన్నడు."

గదిలో మంచం మీద ఆమె భర్త కుర్మయ్య కూర్చున్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి ఊపిరి తీస్తున్నాడు. ప్రతి ఊపిరికీ భుజాలు లేస్తున్నాయి. పక్కన స్టూలు మీద మందును ఆవిరి చేసే మిషన్ ఉంది. రోజుకు నాలుగుసార్లు పెట్టాలి. ఇంట్లో కరెంటు లేక ఎనిమిది రోజులు. ఆటోలో శంషాబాద్ దవాఖానకు తీసుకుపోయి రోజుకు రెండుసార్లే పెట్టిస్తున్నారు.

తొండుపల్లి దాటాక ఆ వీధిలో పన్నెండు ఇళ్లు. రోడ్డు వెడల్పు కోసం పదకొండు ఖాళీ అయ్యాయి. లచ్చమ్మ కోర్టుకు పోయింది. కేసు నడుస్తుండగానే కరెంటు తీశారు. అది 2013 మే నెల.

ఎయిర్‌పోర్టులో పనిచేసే కూతురు సంతోషి లిథియం బ్యాటరీ, చిన్న ఇన్వర్టర్, సోలార్ ప్యానెల్, బ్యాటరీకి ఎంత ఎక్కాలో చూసే చార్జ్ కంట్రోలర్ తెచ్చింది. ప్యానెల్‌ను మొదటి మెకానిక్ పైకప్పు మీద బిగించాడు. దాని తీగలు కిటికీలోంచి గదిలోకి వేలాడుతున్నాయి. కంట్రోలర్ అతని చేతిలోనే కాలింది. సంతోషి రెండోది కొన్నది. ఇదీ కాలితే ఇంకోటి లేదు.

మల్లేశ్వర్ కిటికీలోంచి వీధి చూశాడు. ఎదుటి ఇళ్లకు తలుపులు కూడా లేవు. కేకేస్తే వచ్చేవాళ్లు లేరు. సంచి దించాడు. కటింగ్ ప్లేయర్, స్క్రూడ్రైవర్ తీసి నేల మీద పెట్టాడు.

అలాంటి కంట్రోలర్‌ను అతను ఎప్పుడూ బిగించలేదు. ఆ మాట చెప్పలేదు.

ప్యానెల్ తీగ పట్టుకుని కంట్రోలర్ దాకా తెచ్చాడు. ఆగాడు. డబ్బాలో మడతపెట్టిన కాగితం తీసి చదివాడు. ముందు బ్యాటరీ కలపాలి. బ్యాటరీ ఎన్ని వోల్టులదో కంట్రోలర్‌కు తెలిశాకే ప్యానెల్ కలపాలి. మొదటివాడు ముందు ప్యానెల్ కలిపి ఉంటాడు.

లచ్చమ్మ కిటికీ ఊచల మధ్య నుంచి తెల్ల క్యాన్ ఒకటి లోపలికి పెట్టింది. "బ్యాటరీల పోసే నీళ్లు."

"దీనికి నీళ్లు అక్కర్లే."

"నీళ్లు తాగని బ్యాటరీ ఏంది?"

"లిథియం అమ్మా. మూత గూడ ఉండదు, సూడు."

"నాకన్న నయం," అన్నాడు కుర్మయ్య. ఒక ఊపిరి తీసుకున్నాడు. "నాకు ఆవిరి... కావాలె."

విమానం దిగుతోంది. ఆ మోతకు కిటికీ ఊచలు అదిరాయి.

మల్లేశ్వర్ బ్యాటరీ కలిపాడు. కంట్రోలర్ తెర వెలిగింది. 13.1 వోల్టులు. కంట్రోలర్ మామూలు ఇన్వర్టర్ బ్యాటరీకి సెట్ అయి వచ్చింది. అలాగే వదిలేస్తే అప్పుడప్పుడు పదిహేను వోల్టుల దాకా ఎక్కించి లిథియంను పాడుచేస్తుంది. ఆ సెట్టింగ్ తీసేశాడు. చార్జింగ్ 14.4 దగ్గర ఆగేలా పెట్టాడు. బటన్ వదలగానే పాత అంకె వచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ పోయింది. మూడోసారి నిలిచింది. చొక్కా వీపుకు అంటుకుంది.

"తీగ కోసినోని మొఖం గూడ సూడలే," అంది లచ్చమ్మ. "మేం దవాఖానల ఉన్నం. వచ్చేసరికి స్తంభం కాడ వేలాడుతుంది."

మల్లేశ్వర్ స్క్రూ బిగిస్తున్నాడు. "సూస్తే ఏం చేద్దువు?"

"ఏం చేస్త? తిడితే కరెంటొస్తదా? గీయన పక్కన ఒక్క పూట కూసోబెడ్త. గా ఊపిరి ఇననీ."

కుర్మయ్య దగ్గాడు. దగ్గు ఆగలేదు. లచ్చమ్మ ఊచలు పట్టుకుంది. "జల్దీ, బిడ్డా."

మల్లేశ్వర్ ప్యానెల్ తీగలు కలిపాడు. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకున్నాడు. తెర మీద సూర్యుడి గుర్తు వచ్చింది. ఇన్వర్టర్‌ను బ్యాటరీకి కలిపి వేశాడు. మిషన్ ప్లగ్గు పెట్టాడు. అది మోగింది. కుర్మయ్య ముఖానికి మాస్కు తొడిగాడు. పొగలాగా మందు లేచింది.

"ఇగ తాళం తీ, అమ్మా."

"పది నిమిషాలు ఆగు. కాలకుంటె తీస్త."

కూర్చోవడానికి మంచం ఒక్కటే ఉంది. మల్లేశ్వర్ కుర్మయ్య పక్కన కూర్చున్నాడు. కుర్మయ్య భుజాలు లేవడం తగ్గింది. తర్వాత ఊపిరి తేలికగా ఆడింది.

తాళం తీసింది లచ్చమ్మ. మజ్జిగ గ్లాసు చేతికిచ్చింది. "నీ చెయ్యి సల్లగుండ. పేరేంది బిడ్డా?"

"మల్లేశ్."

మజ్జిగ తాగాడు. గ్లాసు గడప మీద పెట్టాడు. సంచి తీసుకుని బయటికి వచ్చాడు.

కరెంటు మీటరు విప్పుకురమ్మని ఆఫీసు పంపితే వచ్చిన లైన్‌మన్ మల్లేశ్వర్, ఎనిమిది రోజుల కింద స్తంభమెక్కి ఆ ఇంటి తీగ కోసిన మల్లేశ్వర్, మీటరును గోడకే వదిలి బండి స్టార్ట్ చేశాడు.