పైవాటా దరువు

పైవాటాలో దిగిన ముసలాయన వాలకం ఇంటావిడకి మొదటినుంచీ మింగుడుపడలేదు.

పిలిస్తే పలకడు. మెట్ల మీద ఎదురైతే పెదాల వంకే గుచ్చిగుచ్చి చూస్తాడు. ఈ వయసులో ఆ చూపేమిటని మొహం తిప్పుకునేది.

పైగా సాయంత్రం నాలుగయ్యేసరికి అరడజను మంది ఆడపిల్లలు పైకి వెళ్ళేవారు. తలుపు మూసుకునేది. గంటసేపు కప్పు అదిరేలా ఒకటే దరువు. మాట లేదు, నవ్వు లేదు.

"అంతమంది ఆడపిల్లలు చేరి కిక్కురుమనకుండా ఉంటారా? ఏదో ఉంది," అంది మొగుడితో.

అడిగి చూడమన్నాడాయన, పేపరు దించకుండా.

వెళ్ళి తలుపు బాదింది. ఎవరూ తీయలేదు. కిటికీ సందులోంచి చూస్తే, పిల్లలు ఒట్టికాళ్ళతో కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. ముసలాయన నేల మీది చెక్కపెట్టెని కర్రతో మోదుతున్నాడు.

ఇదేదో చేతబడి వ్యవహారమే అనుకుంది.

ఆయన కిందికి దిగగానే ఇల్లు ఖాళీ చేయమంది. ఎందుకని ఆయన అడగలేదు.

"పిల్లలకి ఇంకో చోటు చూసుకుంటానమ్మా, రెండ్రోజులు ఆగండి," అన్నాడు, వీధి చివరికి వినపడేంత గట్టిగా.

తప్పు ఆయనది, కేకలు నా మీదా అని మండిపడి, ఒక్క పూట కూడా కుదరదంది.

ఆయన వెళ్ళిన మర్నాడు ఒక టీచరు ఆ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఖాళీ చేయించానని, ఎక్కడికెళ్ళాడో తెలియదని ఇంటావిడ చెప్పింది. టీచరు మెట్టు మీద కూలబడింది. పిల్లలు వేళ్ళతో ఏదో అడిగారు. ఆమె వేళ్ళతోనే జవాబిచ్చింది.

"వీళ్ళకి చెవులు వినపడవండీ. దరువుని కాళ్ళతో పట్టుకోవడం ఆయనే నేర్పారు. వచ్చే వారం స్టేజీ ఎక్కాలి."

"ఎవరాయన?"

టీచరు ఒక డిస్కో పాట పేరు చెప్పి, అది పాడింది ఆయనేనంది.

ఇంటావిడకి ఆ పాట వెంటనే గుర్తొచ్చింది. వెండిరంగు కోటు కుర్రాడు పాడిన ఆ పాటకి ఒకప్పుడు కాలేజీలో తనూ చెమటలు కారేలా గంతులేసింది. ఏడాదిపాటు ఎక్కడ విన్నా అదే. ఆ తరవాత అతను మళ్ళీ పాడలేదు. పొగరు తలకెక్కిందని పత్రికలు రాస్తే తనూ నమ్మింది.

"అంత బాగా పాడి, ఒక్క పాటతో ఎందుకు మానేశాడు?"

"రెండో పాట రికార్డింగుకి వెళ్ళేసరికే చెవులు పోయాయండీ," అంది టీచరు, "వాద్యాలు మొదలైన సంగతే ఆయనకి తెలియలేదట."