విశ్రాంతి గురించి ఎవరైనా చెప్పారా?

“తిన్నదో లేదో చెప్పే దిక్కు లేదు గానీ, ప్రశ్నలడగడానికి మాత్రం మనుషులున్నారు!”

ఆడవాళ్ల ఆపరేషన్ వార్డు బయట బల్ల మీద కూర్చున్న ఆ తల్లి కస్సుమంది. ఒళ్లో అన్నం డబ్బా. దాన్ని ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు చేతులతోనూ పట్టుకుంది.

“కోప్పడకండమ్మా. లోపల ఎలా చూసుకుంటున్నారో తెలుసుకుందామనే వచ్చాను,” అంది లెక్చరరమ్మ.

ఆవిడ నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆసుపత్రుల్లో రోగులకు అందే సేవ ఎలా ఉంది, జాగ్రత్తలు ఎవరైనా వివరిస్తున్నారా లేదా అన్నదాని మీద పరిశోధన మొదలుపెట్టింది. దానికి ఆవిడే ఓ నియమం పెట్టుకుంది. పేరు అడక్కూడదు, మంచం నంబరు అడక్కూడదు, జబ్బు సంగతి అసలే ఎత్తకూడదు. పోల్చుకుంటారన్న భయముంటే జనం నోరు విప్పరని ఆవిడ నమ్మకం.

“లోపలున్నవాళ్లు మీకేమవుతారు?”

“కూతురు. ఒక్కగానొక్కది.”

లెక్చరరమ్మ రాస్తున్నది ఆపి తలెత్తింది. ఆవిడకూ ఒక్కతే కూతురు, హాస్టల్లో ఉంది. వేళకాని వేళ ఫోను మోగితే చాలు, పిల్లకేదో అయిపోయిందని పరిగెత్తుకెళ్లి ఎత్తుతుంది.

“ఎప్పటినుంచి ఉందమ్మా?”

“నిన్న పొద్దున్నుంచి. సాయంత్రానికి పంపేస్తామన్నారు. రాత్రయింది, తెల్లారింది, ఇదిగో పంపలేదు. అడిగితే ‘ఇప్పుడెలా పంపుతాం’ అంటూ నా మీదే విరుచుకుపడ్డారు.”

“తిండీ నీళ్లూ సరిగ్గా అందుతున్నాయా?”

“తిండి సంగతి దేవుడెరుగు. నీళ్లు కూడా తాగడం లేదు. తాగితే బాత్రూముకి వెళ్లాలిగా, వెళ్లనిచ్చేదెవరు?”

లెక్చరరమ్మ కలం కాగితానికి గుచ్చుకుంది.

“రాత్రి నిద్ర?”

“ఎక్కడి నిద్ర! తెల్లవార్లూ సెలైన్లు, ఇంజక్షన్లు. రెప్ప వేస్తే ఒట్టు.”

“లేచి నడుస్తోందా?”

“అయ్యో, నడకకేం కొదవ! ఈ చివరినుంచి ఆ చివరికి నడిపించి నడిపించి చంపుతున్నారు. పాదాలు వాచి దిమ్మల్లా అయ్యాయి.”

ఆపరేషనయ్యాక రోగిని నడిపించడం మంచిదని లెక్చరరమ్మే పాఠం చెబుతుంది. అయితే మాత్రం, కాళ్లు వాచేదాకానా?

“డాక్టరు చూశారా?”

“చూశాడు. చూసి నలుగురిలో కేకలేశాడట.”

“మరి విశ్రాంతి గురించి ఎవరైనా చెప్పారా?”

తల్లి నవ్వింది. ఆ నవ్వు కన్నా ఏడుపు నయం.

“విశ్రాంతా! ఆ మాట ఇక్కడ ఏ గోడ మీదైనా రాసుంటే చూపించు తల్లీ, కళ్లకద్దుకుంటాను. ఇంకోటి చెప్పనా? పొద్దున తలుపు దగ్గరికొస్తే చూశాను. దాని చెంప మీద వేళ్లు తేలాయి.”

“కొట్టారా? వార్డులోనా? ఎవరు?”

“చెబితేగా! ‘ఇక్కడ ఇది మామూలేలే అమ్మా, రచ్చ చెయ్యకు’ అంటుంది. మామూలట! ఎవడు పడితే వాడు చెయ్యెత్తడానికా నేను కని పెంచింది? నా కళ్లముందే పిల్ల పుల్లయిపోయింది. ఇవాళ ఇంటికి తీసుకెళ్లకపోతే అది నాకు దక్కదు. రాసుకో, బాగా రాసుకో!”

లెక్చరరమ్మ ఇక రాయలేదు. కాగితాలు సంచిలో కుక్కింది. ఆ మంచం మీద తన కూతురే ఉన్నట్టు, ఆ చెంప తన బిడ్డదే అయినట్టు ఒళ్లంతా మండిపోయింది.

“పరిశోధనా లేదు, గాడిదగుడ్డూ లేదు. లేవండి. మీ అమ్మాయిని ఇప్పుడే పంపిస్తాను. ఎవడడ్డమొస్తాడో చూస్తా!”

అడ్డమొచ్చింది వాచ్‌మన్. “ఇది చూసే టైము కాదు మేడమ్…”

“తప్పుకో!”

లెక్చరరమ్మ దూసుకుపోయింది. వాచ్‌మన్ తల్లిని పట్టుకున్నాడు.

లోపల సందు లేకుండా మంచాలు. అన్నిటికీ కలిపి ఒకే ఒక్క నర్సు, ముఖానికి మాస్కు, చేతులకు తొడుగులు, వంగి ఎవరికో కట్టు కడుతోంది.

“ఏయ్ సిస్టరూ, ఇలా రా!”

“ఒక్క నిమిషం మేడమ్, కట్టు సగంలో ఉంది.”

“ఒక్క నిమిషం, ఒక్క నిమిషం అంటూనే ప్రాణాలు తోడేస్తారు! నీలాంటివాళ్లకు పాఠాలు చెప్పేదాన్ని నేను. దయ అన్న మాట నీ పుస్తకాల్లో లేదా?”

“ఏమైంది మేడమ్?”

“ఏమైందా? నీ వార్డులో ఓ ఆడపిల్ల తిండీ నీళ్లూ లేక సొమ్మసిల్లుతోంది. పైగా కొట్టారు కూడా! నీకు చీమ కుట్టినట్టయినా లేదు. మనిషివా, మానువా? నీ ఉద్యోగం ఊడబీకించకపోతే నా పేరు మార్చుకుంటా!”

పక్క మంచం మీది ముసలామె తల ఎత్తింది. “అది కాదు తల్లీ…”

“మీరు పడుకోండి మామ్మా, మీకు తెలీదు. ఏమే, బయట ఆ తల్లి గుండెలు బాదుకుంటోంది, వినబడలేదూ? అసలు నీకు అమ్మంటూ ఉందా?”

అప్పటిదాకా ఆగని నర్సు చేతులు ఆ మాటకు ఆగాయి. తలుపు వైపు ఓసారి చూసి, మళ్లీ కట్టు మీదికి వంగింది.

అంతలో వాచ్‌మన్‌ని విదిలించుకుని, రొప్పుతూ తల్లి వచ్చింది. లెక్చరరమ్మ ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసింది.

“భయపడకండి, నేనున్నాను. మీ అమ్మాయి ఏ మంచం మీదుందో చూపించండి.”

తల్లి ఏ మంచం వైపూ చూడలేదు.

“ఇప్పుడు నువ్వు తిట్టింది దాన్నే.”