ఇంజను వెనక ముడి

దాజీ పేట్‌లో చీకటి పడగానే కరెంటు పోయింది. సందులోని మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో అంబాదాస్ ఇంటి వాకిట్లో కూర్చుని, సెల్‌ఫోన్ వెలుగులో పాత మోపెడ్ ఇంజను విప్పుతున్నాడు. బండిని పొద్దున్నే అశోక్ చౌక్‌లో ఎవరి దగ్గరో కొన్నాడు.

చివరి బోల్టు ఊడింది. ఇంజను కొంచెం కదిలి ఆగిపోయింది. వెనక్కి తొంగి చూశాడు. చద్దర్లు నేసే ఎర్ర నూలును నాలుగు పేటలు వేసి, ఇంజనును ఫ్రేముకు ఎవరో కట్టారు.

ఆ ముడి అతనికి తెలుసు. మగ్గం మీద పోగు తెగితే నాయిన కొసను నోట్లో తడిపి, ఎడమచేత్తో అచ్చం అలాగే వేసేవాడు. నాయిన పోయి ఏడాది దాటింది.

బీడీల చాట ముందు కూర్చున్న భార్య వైపు అనుమానంగా చూశాడు.

"రేణుకా, ఈ ముడి నువ్వేసినవా?"

ఆమె లేచి వచ్చి, వంగి చూసింది.

"నాకెక్కడొస్తది. మామ ఒక్కనికే వస్తుండె."

"బండి అమ్మినోడు గూడ మగ్గపోడే ఉంటడు. ఎప్పుడో కట్టిండు."

"అయితే తెంపెయ్యి మరి."

అంబాదాస్ చెయ్యి లోపలికి పెట్టి ముడి కొసను పట్టుకున్నాడు.

అది ఇంకా తడిగా ఉంది.